కీ ఇచ్చే గ్రామఫోను: సగం రికార్డుకే వేగం తగ్గుతోంది, లోపల దబ్బుమని చప్పుడు వస్తోంది

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు)

మా తాతగారు వాడిన హెచ్.ఎం.వి. 102 పెట్టె గ్రామఫోను చాలాకాలం అటక మీద ఉండి, ఈమధ్యే కిందికి దిగింది. దానితోపాటు పద్యనాటకాల రికార్డులు ఒక పెట్టెనిండా ఉన్నాయి. హ్యాండిల్ తిప్పితే కీ బిగుసుకుంటోంది, పళ్ళెం తిరుగుతోంది, పాట కూడా మొదట్లో బాగానే వస్తోంది. అయితే రికార్డు సగం దాటేసరికి వేగం తగ్గుతూ పోతోంది. పద్యం చివర గాయకుడు రాగం అందుకునే చోటికి వచ్చేసరికి గొంతు బరువెక్కి, శ్రుతి కిందికి జారిపోతోంది. మధ్యమధ్యలో పెట్టె లోపల ఎవరో గుద్దినట్లు దబ్బుమని చప్పుడు వస్తోంది, ఆ క్షణంలో ముల్లు కూడా కొద్దిగా అదురుతోంది.

ఇక్కడ ఒక దుకాణంలో చూపిస్తే, స్ప్రింగు పోయిందనీ, మోటారు తీసేసి లోపల కరెంటు మోటారు బిగిస్తామనీ అన్నారు. నాకు అది ఇష్టం లేదు. ఈ యంత్రం చేతి కీతోనే పాడాలని నా కోరిక. స్ప్రింగు నిజంగా పోయిందో లేదో ఎలా తెలుసుకోవాలి? బాగుచేయించడం సాధ్యమైతే ఆ పని ఏ వరుసలో జరగాలి? అనుభవం ఉన్న పెద్దలు దయచేసి చెప్పగలరు.

జవాబు (సత్యనారాయణపురం, విజయవాడ)

నమస్కారమండీ. ముందుగా ఆ దుకాణం మాట పక్కన పెట్టండి. స్ప్రింగు తెగిపోయి ఉంటే కీ అసలు బిగుసుకోదు. హ్యాండిల్ ఎంత తిప్పినా బరువు తగలకుండా ఊరికే తిరుగుతూ ఉంటుంది, లేదా కొంత బిగిసి ఒక్కసారిగా జారిపోతుంది. మీరు చెప్పిన లక్షణాలు అవి కావు. మీ స్ప్రింగు బతికే ఉంది, దాని చుట్ల మధ్య ఉన్న గ్రీజు చచ్చిపోయింది.

లోపల ఏం జరుగుతోందో చెబుతాను. కొన్ని మీటర్ల పొడవున్న ఉక్కు పట్టీ చుట్టలుగా ఒక గుండ్రటి డ్రమ్ములో కూర్చుని ఉంటుంది. దాని బయటి కొస డ్రమ్ము గోడకున్న రివెట్టుకు తగులుకుని, లోపలి కొస మధ్య ఇరుసుకున్న కొక్కేనికి తగులుకుని ఉంటాయి. తయారీ రోజుల్లో ఆ చుట్ల మధ్య గ్రాఫైటు కలిపిన గ్రీజు పూసేవారు. దశాబ్దాలు గడిచాక అది ఎండి తారులా గట్టిపడి, పక్కపక్క చుట్లను అతికించేస్తుంది. స్ప్రింగు విప్పుకునేటప్పుడు రెండు మూడు చుట్లు కలిసి కరుచుకుని ఉండి, బలం మీరాక ఒక్కసారిగా విడిపోతాయి. మీరు వింటున్న చప్పుడు అదే. అతుక్కున్న చుట్ల బలం పళ్ళెం దాకా చేరదు కనుక రికార్డు రెండో సగంలో వేగం పడిపోతుంది.

నిర్ధారణకు ఒక పరీక్ష చేయండి. పూర్తిగా కీ ఇచ్చి, ముల్లు ఆనించకుండా పళ్ళేన్ని ఊరికే తిరగనిచ్చి, పెట్టె మీద అరచేయి ఉంచండి. ముల్లు లేకపోయినా చప్పుడు వచ్చి, ఆ అదురు చేతికి తెలిస్తే లోపం స్ప్రింగు డ్రమ్ములోనే ఉంది. ఊరికే తిరిగేటప్పుడు అంతా సవ్యంగా ఉండి, ముల్లు ఆనించాకే వేగం తగ్గితే మాత్రం గవర్నరునూ (పళ్ళెం వేగాన్ని అదుపులో ఉంచే భాగం), చక్రాల ఇరుసులు తిరిగే చోట్లనూ ముందు చూడాలి. గట్టిగా పాడిన చోట ముల్లు మీద భారం పెరుగుతుంది. పద్యం చివరి రాగంలోనే శ్రుతి జారడానికి అది కూడా ఒక కారణం.

పై రంధ్రాల నుంచి డ్రమ్ములోకి నూనె పోస్తే చాలని కొందరు చెబుతారు. దయచేసి ఆ పని చేయకండి. నూనె గట్టిపడిన గ్రీజులోకి సమంగా ఇంకదు. పైగా కరిగిన నల్లటి మడ్డి కిందికి కారి, చక్రాల మీదా గవర్నరు మీదా పడి, లేని జబ్బును తెచ్చిపెడుతుంది. డ్రమ్ము విప్పి, స్ప్రింగు బయటికి తీసి, కడిగి, కొత్త గ్రీజు పూసి పెట్టడం ఒక్కటే సరైన మార్గం.

జవాబు (ఆటోనగర్, విజయవాడ)

పై వారు చెప్పినదంతా నిజం. నేను లేతు పని చేసేవాడిని కనుక విప్పే పద్ధతి, అందులోని ప్రమాదం గురించి రాస్తాను. ఈ విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి. ఈ పనిలో చేతులు తెగుతాయి, కళ్ళకు కూడా ప్రమాదం ఉంది. తోలు చేతితొడుగులు, కళ్ళద్దాలు లేకుండా డ్రమ్ము మూత తెరవకూడదు.

మొదట బ్రేకు వదిలి, పళ్ళెం దానంతట అదే ఆగిపోయేదాకా తిరగనివ్వండి. కీ మిగిలి ఉండగా గవర్నరును ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకూడదు. పట్టి ఉంచేది లేక చక్రాలన్నీ ఒక్కసారిగా పరుగెత్తి, పళ్ళు విరిగిపోతాయి. కీ పూర్తిగా దిగాక హ్యాండిల్ ఊడదీసి, పళ్ళేన్ని రెండు వైపులా సమంగా పట్టుకుని పైకి లాగండి. కొన్ని యంత్రాలలో మధ్యన చిన్న క్లిప్పు ఉంటుంది, దాన్ని ముందు తీయాలి. తరువాత మోటారు బిగించి ఉన్న పై పలక స్క్రూలు విప్పితే మోటారు పలకతో సహా పైకి వస్తుంది. ప్రతి దశలోనూ ఫోటో తీసుకోండి, స్క్రూలను వేరువేరు మూతల్లో వేయండి.

కీ దిగింది కదా అని డ్రమ్మును తేలిగ్గా తీసుకోవద్దు. ఖాళీగా ఉన్నట్లు కనిపించినా స్ప్రింగు తన సహజమైన విస్తీర్ణం కన్నా చాలా ఇరుకైన చోట అణగి ఉంటుంది, దారి దొరికితే మొత్తం ఒక్కసారిగా బయటికి దూకుతుంది. మూత తీశాక చుట్లు ఏ దిశలో ఉన్నాయో డ్రమ్ము మీద గుర్తు పెట్టుకోండి. ఇరుసును కీకి వ్యతిరేక దిశలో కొద్దిగా తిప్పితే కొక్కెం విడుస్తుంది, అప్పుడు ఇరుసు బయటికి వస్తుంది. డ్రమ్మును లోతైన బకెట్టులో ఉంచి, పైన మందపాటి గోనె కప్పి, లోపలి చుట్టు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క చుట్టునే బయటికి రానివ్వండి. పక్కన మరొకరు ఉండడం మంచిది.

బయటికి వచ్చిన స్ప్రింగును కిరసనాయిలులో నానబెట్టి, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. కృష్ణా తీరపు తేమకు తుప్పు సులువుగా పడుతుంది కనుక కడిగిన స్ప్రింగును రాత్రంతా ఊరికే వదిలేయకూడదు. ఆరిన వెంటనే రెండు కొసల దగ్గరా వెలుతురులో జాగ్రత్తగా చూడండి. పగుళ్ళు సాధారణంగా అక్కడే వస్తాయి.

గ్రీజు విషయానికి వస్తే, వాజలీనులో సన్నటి గ్రాఫైటు పొడి కలిపి పూయడం పాత పద్ధతి, అది ఈనాటికీ పనికివస్తుంది. అయితే మన ఊళ్ళ ఎండలకు వాజలీను పల్చబడి డ్రమ్ములోంచి కారుతుంది. అందుకని నేను లిథియం గ్రీజులో గ్రాఫైటు కలపడం మేలంటాను. పట్టీకి రెండు వైపులా పల్చటి పూత చాలు. ఎక్కువైతే మూత అంచుల్లోంచి బయటికి వచ్చి చక్రాలకు అంటుకుంటుంది. తిరిగి పెట్టేటప్పుడు బయటి కొసను రివెట్టుకు తగిలించి, అక్కడి నుంచి ఒక్కొక్క చుట్టూ లోపలికి నొక్కుతూ రావాలి.

జవాబు (అరండల్‌పేట, గుంటూరు)

స్ప్రింగు గురించి ఇద్దరూ బాగా చెప్పారు. మోటారు ఎలాగూ బయటికి వస్తుంది కనుక గవర్నరును కూడా అదే విడతలో చూడండి. పాట నాణ్యత దాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

గవర్నరులో మూడు సన్నటి పట్టీ స్ప్రింగుల మీద మూడు బరువులు బిగించి ఉంటాయి. వేగం పెరిగే కొద్దీ బరువులు బయటికి విచ్చుకుని, ఇరుసు మీది చిన్న బిళ్ళను లాగుతాయి. ఆ బిళ్ళ ఫెల్టు లేదా తోలు ముక్కకు రాసుకుని వేగాన్ని నిలుపుతుంది. వేగం సరిచేసే మీట ఆ ముక్కనే ముందుకూ వెనక్కూ జరుపుతుంది. ఆ ముక్క ఎండిపోయి ఉంటే కీచుమనే శబ్దమూ, స్వరంలో వణుకూ వస్తాయి. దానికి ఒక్క చుక్క కుట్టుమిషను నూనె చాలు. మూడు పట్టీలలో ఒకటి వంగినా, పగిలినా గవర్నరు ఊగిపోతుంది. అప్పుడు ఒక్కటే మార్చకుండా మూడూ ఒకే మందం ఉన్నవి వేయండి. ఇరుసు కొసలకు కూడా పల్చటి నూనె వాడండి, అక్కడ గ్రీజు పనికిరాదు.

వేగం సరిచూడడానికి రికార్డు అంచున చిన్న కాగితం ముక్క పెట్టి, ముల్లు ఆనించి పాడుతుండగా నిమిషానికి 78 చుట్లు వస్తున్నాయో లేదో లెక్కపెట్టవచ్చు. ఇంతకన్నా కచ్చితమైనది గీతల చక్రం, అంటే సమదూరంలో గీతలు గీసి ఉన్న బిళ్ళ; దాన్ని పళ్ళెం మీద ఉంచి కరెంటు దీపం వెలుతురులో చూస్తారు. మన 50 హెర్ట్జ్ కరెంటుకు 77 గీతలున్న చక్రం వాడాలి. గీతలు కదలకుండా నిలిచినట్లు కనిపిస్తే వేగం 77.92 అన్నమాట. పాత చోకు ఉన్న ట్యూబులైటు కింద అది చక్కగా కనిపిస్తుంది. నేటి ఎల్.ఇ.డి. బల్బులలో చాలావాటి కింద కనిపించదు.

వేగం నిమిషానికి 78 నుంచి సుమారు 73.6కు పడితే శ్రుతి ఒక స్వరస్థానం దిగిపోతుంది. నాటక పద్యాలు హార్మోనియం శ్రుతితో పాడినవి కనుక వినేవారికి ఆ తేడా వెంటనే పట్టుబడుతుంది. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోండి. మైకు రాకముందు, అంటే సుమారు 1925కు ముందు, ముద్రించిన రికార్డులన్నీ కచ్చితంగా 78 చుట్ల మీద రికార్డు చేసినవి కావు. మీ పెట్టెలో అంత పాతవి ఉంటే గీతల చక్రాన్ని పక్కన పెట్టి, హార్మోనియం మెట్టుతో పోల్చి వేగం సరిచేయండి.

ముల్లు విషయంలో ఒక్క మాట. ఉక్కు ముల్లును రికార్డు ఒక వైపు పాడగానే మార్చేయాలి. అరిగిన ముల్లుతో పాడిస్తే గాడి తిరిగిరాదు.

ప్రశ్న అడిగినవారు (బ్రాడీపేట, గుంటూరు)

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పిన జాగ్రత్తలతో, మా బావగారి సాయంతో డ్రమ్ము విప్పాము. గ్రీజు నిజంగా తారులాగే ఉంది. కడిగాక చూస్తే స్ప్రింగు బయటి కొసన, రివెట్టుకు తగిలే రంధ్రం అంచు నుంచి సన్నటి పగులు ఒకటి కనిపించింది. మిగతా పట్టీ అంతా శుభ్రంగా ఉంది. ఇలాగే వాడవచ్చునా, లేక కొత్త స్ప్రింగు కొనాలా? కొంచెం మందమైనది వేస్తే ఇంకా బలంగా ఉంటుందని ఒకరు అన్నారు.

జవాబు (ఆటోనగర్, విజయవాడ)

పగులుతో వాడవద్దు. అది ఏదో ఒకరోజు పూర్తి కీలో ఉండగా తెగుతుంది, ఆ దెబ్బకు చక్రాల పళ్ళు కూడా దెబ్బతినవచ్చు. అయితే పగులు బయటి కొసనే ఉంది కనుక కొత్తది కొనే అవసరం రాకపోవచ్చు. పగులు దాటిన చోట పట్టీని కోసి, కొత్త కొసను మాత్రమే ఎర్రగా కాల్చి, నెమ్మదిగా చల్లారనివ్వాలి. అలా పదును (ఉక్కు గట్టిదనం) దిగితేనే అక్కడ రంధ్రం వేయడం సాధ్యమవుతుంది. కాల్చేటప్పుడు మిగతా చుట్టలకు వేడి పాకకుండా కొసకు దగ్గరలో తడిగుడ్డ చుట్టి, వైసులో బిగించండి. పాత రంధ్రం ఆకారాన్నీ, కొస నుంచి దాని దూరాన్నీ ముందే కొలిచి పెట్టుకుని, అదే ఆకారంలో ఆకురాయితో దిద్దండి. రంధ్రం అంచులు నున్నగా ఉండాలి, గరుకు మిగిలితే మళ్ళీ అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. పొడవులో రెండు మూడు అంగుళాలు తగ్గినా పాటలో తేడా తెలియదు.

మందమైన స్ప్రింగు మాట నమ్మవద్దు. మందం పెరిగితే డ్రమ్ములో పట్టే చుట్లు తగ్గుతాయి, కనుక మోటారు తిరిగే సమయమూ తగ్గుతుంది. ఆ అదనపు బలమంతా చక్రాల పళ్ళ మీదా గవర్నరు మీదా పడుతుంది. ఎప్పుడైనా కొత్తది కొనవలసి వస్తే వెడల్పు, మందం, పొడవు, డ్రమ్ము లోపలి వ్యాసం కొలిచి, రెండు కొసలకూ ఫోటో తీసి పంపండి. యంత్రం పేరు ఒక్కటే చెప్పి తెప్పించుకుంటే తరచు తగనిదే వస్తుంది. కాల్చి రంధ్రం వేసే పని మీకు కష్టమనిపిస్తే ఆటోనగర్‌కు తీసుకురండి. డ్రమ్ము, ఇరుసు కూడా వెంట తెస్తే రివెట్టు అరుగుదల చూసి, కావలిస్తే దాన్ని కూడా మార్చవచ్చు.