పారా పతకానికీ ఒలింపిక్ పతకానికీ ఒకే నగదు బహుమతి: న్యాయమేనా?

రాజాం రైడర్:
2024లో పారిస్ పారాలింపిక్స్‌లో, అంటే వైకల్యం ఉన్న ఆటగాళ్ల పోటీల్లో, మనవాళ్లు 29 పతకాలు తెచ్చారు, సంతోషమే. కేంద్రం బంగారానికి 75 లక్షలు, వెండికి 50, కంచుకి 30 ఇచ్చింది. ఒలింపిక్స్ వాళ్లకీ అదే లెక్క. నాకిది సరిగ్గా తోచట్లేదు. పారిస్ ఒలింపిక్స్‌లో దాదాపు 10,500 మంది 329 బంగారు పతకాల కోసం తలపడ్డారు. పారాలింపిక్స్‌లో 4,400 మందికి 549. మగవాళ్ల వంద మీటర్ల పరుగొక్కదానికే వైకల్యాన్ని బట్టి పదికి పైగా విభాగాలు! ఎక్కడ తేలికో లెక్కే చెబుతోంది. సాయం వద్దనట్లేదు. పింఛను పెంచండి, ఉద్యోగాలివ్వండి. పతకాలు రెండూ ఒకటే అనొద్దు.

వంశధార గట్టు:
ఆటగాళ్ల గురించి మాట్లాడుతుంటే పింఛను ఎందుకొచ్చిందండీ మధ్యలో? అక్కడే తెలుస్తోంది మనం వాళ్లని ఎలా చూస్తున్నామో.

పీఈటీ మాస్టారు, శ్రీకాకుళం:
రాజాం తమ్ముడూ, నీ లెక్క తప్పు కాదు. కొన్ని విభాగాల్లో పోటీకొచ్చేవాళ్లు తక్కువే. కానీ విభాగాలున్నాయి కాబట్టి విలువ తగ్గిందంటే మన జిల్లాలో నిలబడే మాట కాదు.

2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 110, 130 కలిపి 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. ఏ విభాగంలో? 69 కిలోలు. ఆ ఏడాది ఆడవాళ్ల వెయిట్ లిఫ్టింగ్‌కి ఏడు విభాగాలు, ఏడు బంగారు పతకాలు. ఆమె కన్నా బరువైన విభాగాల్లో ఎక్కువ ఎత్తినవాళ్లున్నారు కదా అని ఆమదాలవలసలో ఎవరైనా అన్నారా? విజయనగరం పక్కన కొండవెలగాడ వెళ్లి చూడు, బార్ పట్టుకోవడానికి ముందే పిల్లలు తమ ఒంటి బరువు చెబుతారు. ఎవరు ఎవరితో పోటీపడాలో ముందు తేల్చుకోవడం ఆటలో భాగమని వాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు. పారా క్రీడల్లో చేసేదీ అదే. పారా పవర్‌లిఫ్టింగ్‌లో అయితే అర్హత ఉందని తేలాక వైకల్యాన్ని బట్టి తరగతులే లేవు, ఒంటి బరువొక్కటే. పడుకుని బెంచ్ ప్రెస్.

ఇంకో సంగతి. 549 అనేసరికి ఎవరికి కావాల్సిన పోటీ వాళ్లకి దొరుకుతుందనుకుంటున్నావు. మన దేశపు దేవేంద్ర ఝఝరియా 2004లో ఏథెన్స్ పారాలింపిక్స్‌లో ఈటె విసిరి బంగారం గెలిచాడు. 2008లో, 2012లో అతని విభాగానికి పోటీయే పెట్టలేదు. పన్నెండేళ్లు భుజం కాపాడుకుని 2016లో రియోలో మళ్లీ బంగారం గెలిచాడు. పన్నెండేళ్లు! వరంగల్ వైపు కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి పరిగెత్తేది టి20లో, అంటే మేధో వైకల్యం ఉన్నవాళ్ల విభాగంలో. పారిస్‌లో ఆ విభాగం ఆడవాళ్లకున్న పరుగులు రెండే, 400 మీటర్లూ 1500 మీటర్లూ. అదే 2024లో జపాన్‌లోని కోబేలో ప్రపంచ పారా పోటీల్లో 400 మీటర్లలో 55.07 సెకన్లకి ప్రపంచ రికార్డు కొట్టింది, పారిస్‌లో 55.82తో కంచు తెచ్చింది. చిన్నప్పుడు ఊళ్లోవాళ్లు ఆమెని ఏమని పిలిచేవాళ్లో ఆమే చెప్పింది, నేనిక్కడ రాయలేను.

రాజాం రైడర్:
మాస్టారూ, వెయిట్ లిఫ్టింగ్‌తో పోల్చారు, బాగుంది. కానీ ఒంటి బరువు కాటా చెబుతుంది. వైకల్యం ఎంతో మనిషి చూసి చెప్పాలి. అక్కడ మోసం జరగదా?

పీఈటీ మాస్టారు, శ్రీకాకుళం:
జరిగింది. ఆ 2000 సిడ్నీలోనే, పారాలింపిక్స్‌లో జరిగింది. మేధో వైకల్యం ఉన్నవాళ్ల బాస్కెట్‌బాల్‌లో స్పెయిన్ గెలిచింది, తర్వాత చూస్తే పన్నెండు మందిలో పది మందికి ఏ వైకల్యమూ లేదు. ఆ పాపం వాళ్లది, శిక్ష పడింది నిజమైన ఆటగాళ్లకి. 2004, 2008 పారాలింపిక్స్‌లో మేధో వైకల్యం వాళ్లకి చోటే లేకుండా పోయింది. 2012లో లండన్‌లో గానీ తిరిగి రాలేదు. టోక్యోలో మన వినోద్ కుమార్ డిస్కస్‌లో కంచు గెలిచాక, ఆ తరగతికి సరిపోడని ఫలితం కొట్టేశారు. అంటే పరీక్ష ఎంత కటువుగా ఉంటుందో చూడు. పతకం మెడలో పడబోతున్నా ఆగరు.

ఇది నాకు పుస్తకంలో చదివిన సంగతి కాదు. కొన్నేళ్ల కిందట మా బడిలో ఒక గుంట, పుట్టు చెవుడు. ఈటె విసిరితే మగపిల్లలు వెనక్కి తిరిగి చూసేవారు. వైకల్య శాతం చెప్పే సదరం సర్టిఫికెట్ ఉంది కదా అని పారాలింపిక్స్ ఆశ పెట్టేశాను. రెండేళ్లు పొద్దున్నే ఐదింటికి గ్రౌండుకొచ్చింది. పోటీలకి తీసుకెళ్తే వినికిడి లోపం పారాలింపిక్స్‌లో లేదన్నారు. వాళ్లకి డెఫ్లింపిక్స్ వేరే ఉన్నాయి, 1924 నుంచీ. నాకు తెలీదు. తెలుసుకోవాల్సింది నేనే. ఆ పిల్ల చేతులతో "ఎందుకు" అని అడిగింది, నా దగ్గర సమాధానం లేదు. పింఛనుకి పనికొచ్చే శాతం వేరు, ఆటకి చూసే వైకల్యం వేరు. ఆ తేడా మన బడుల్లో మాస్టార్లకే తెలీనప్పుడు పోటీకొచ్చేవాళ్లు తక్కువే ఉంటారు తమ్ముడూ. నీ లెక్కలో తక్కువ కనపడ్డవాళ్లు ఇలా ఊళ్లలో ఆగిపోయినవాళ్లు.

రాజాం రైడర్:
బహుమతి విషయంలో నాకింకా పూర్తిగా ఒప్పుదల లేదు మాస్టారూ. పింఛను మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

బొబ్బిలి అమ్మ:
మాస్టారూ, మా బాబుకి పదమూడేళ్లు. పుట్టుకతోనే ఎడమ చెయ్యి మోచేతి కింద లేదు. బడిలో ఆటల పీరియడ్‌కి వాణ్ణి పుస్తకాలకి కాపలా కూర్చోబెడతారట. వాడికేమైనా ఉందాండీ ఇందులో?

పీఈటీ మాస్టారు, శ్రీకాకుళం:
ఉందమ్మా. నేను పైన చెప్పిన ఝఝరియాకీ ఎడమ చెయ్యే లేదు, ఎనిమిదేళ్లప్పుడు చెట్టెక్కి కరెంటు తీగ తగిలి పోయింది. ఈటెలో అతనిది ఎఫ్46, అంటే చేతి వైకల్యం ఉన్నవాళ్ల విభాగం. మీ బాబు ఆ వరసలోకి రావొచ్చు, తేల్చేది మాత్రం క్లాసిఫయర్లు, అంటే ఎవరు ఏ విభాగమో పరీక్షించి చెప్పేవాళ్లు. ఈసారి ముందే ఆశ పెట్టను. వాడెప్పుడైనా ఏదైనా విసిరాడా?

బొబ్బిలి అమ్మ:
ఈటె అంటే వాడికి తెలీదండీ. తోటలో మామిడికాయలు రాయితో కొడతాడు. కాయ పడాల్సిందే.

పీఈటీ మాస్టారు, శ్రీకాకుళం:
ఆదివారం నేనే బొబ్బిలి వస్తాను. ఆ తోట చూపించమనండి.