గ్లాడియాట్రిక్స్‌కు తెలుగు మాట ఏది?

అడిగిన ఆవిడ:

అందరికీ నమస్కారం. మూడు మాటల కోసం వచ్చాను. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. బల్ల మీద చిన్న చిన్న సైనికుల బొమ్మలు పేర్చి, పాచికలు వేసి, టేపుతో అంగుళాలు కొలుచుకుంటూ ఆడే యుద్ధపు ఆటలంటే వాడికి ప్రాణం. ఇప్పుడు రోమన్ గ్లాడియేటర్ల మీద, అంటే పాత రోములో జనం చూస్తుండగా ఆయుధాలతో పోరాడినవాళ్ళ మీద పడ్డాడు. వేసవి సెలవుల్లో వాళ్ళ తాతయ్యతో ఆడాలని పట్టు పట్టాడు. ఆయనకు ఇంగ్లీషు నియమాలు చదవడం కష్టం కాబట్టి ఒక్కో బొమ్మకు ఒక్కో తెలుగు కార్డు రాస్తున్నాను. మగ గ్లాడియేటర్లవి అయిపోయాయి. ఆడవాళ్ళ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

అసలు బొమ్మలు దొరకడమే గగనమైంది. 28 మిల్లీమీటర్ల కొలతలో ఆడ గ్లాడియేటర్లు కావాలని వెతికితే వచ్చినవి చూసి, పిల్లాడు పక్కనే ఉంటే ల్యాప్‌టాప్ మూసేశాను. ఫోటోలో బాగానే ఉందని ఒకటి తెప్పించాను. చేతిలోకి తీసుకుని చూస్తే దాని కాళ్ళకు ఎత్తు మడమల చెప్పులు! ఇసుకలో కత్తియుద్ధం చేసే మనిషికి! రొమ్ముల మీద రెండు రేకు ముక్కలున్నాయి. తల, చేతులు, మోకాళ్ళు అన్నీ ఖాళీ. చాలా బాధేసింది. బట్ట తక్కువైందని కాదు. మగ గ్లాడియేటర్ల బొమ్మలకూ చొక్కా లేదు, వాటిని చూస్తే నాకు ఏ ఇబ్బందీ కలగలేదు. మరి తేడా ఎక్కడుంది? ఆ తేడాకు తెలుగులో పేరేమిటి? ఇంగ్లీషులో అయితే 'టేస్ట్‌ఫుల్' బొమ్మ కావాలని అడిగేదాన్ని. 'సభ్యమైన' అంటే ఒళ్ళంతా కప్పినది అనుకుంటారు. 'అభిరుచి గల' అంటే అది మనిషికి చెప్పే మాట, బొమ్మకు కాదు.

ఇదొక ప్రశ్న. గ్లాడియాట్రిక్స్‌ను, అంటే ఆడ గ్లాడియేటర్‌ను ఏమనాలి, మినియేచర్‌ను, అంటే ఈ చిన్న బొమ్మను ఏమనాలి అన్నవి మిగిలిన రెండూ.

తెలుగు మాస్టారు:

అమ్మా, మీరు ఆఖరున అడిగిన దానితో మొదలుపెడతాను. మినియేచర్ అంటే చిన్నది కాబట్టి ఆ పేరు వచ్చిందని అందరూ అనుకుంటారు. నిజానికి ఆ మాటకు చిన్నతనంతో సంబంధం లేదు. లాటిన్‌లో 'మినియం' అంటే ఎర్ర సీసపు రంగు, మన సిందూరం. రాతప్రతుల్లో మొదటి అక్షరాలను ఆ ఎరుపుతో దిద్దడాన్ని 'మినియారే' అన్నారు. ఆ రాతప్రతుల్లో వేసే బొమ్మలకు ఆ పేరు అంటుకుంది. అవి చిన్నవి కావడం, 'మినిమమ్' లాంటి మాటలు వినికిడికి దగ్గరగా ఉండడం వల్ల అర్థం మెల్లగా చిన్నది అన్న వైపు జరిగింది. మీ అబ్బాయి ఆ బొమ్మలకు రంగులు కూడా వేస్తూ ఉంటే, తెలియకుండానే ఆ మాట పాత అర్థానికి తిరిగి వెళ్తున్నాడన్నమాట. కార్డు మీద మాత్రం 'బొమ్మ' అని రాయండి. కొండపల్లిలో పొణికి కర్రతో చేసినా, సీసంతో పోతపోసినా మనకు అది బొమ్మే. 'సూక్ష్మప్రతిమ' అంటే తాతయ్య కళ్ళజోడు వెతుక్కోవాలి.

ఇక గ్లాడియాట్రిక్స్. లాటిన్‌లో పని చేసేవాణ్ణి చెప్పే ప్రత్యయం '-టోర్', దానికి స్త్రీలింగం '-ట్రిక్స్'. సంస్కృతంలో '-తృ', '-త్రీ' ఉన్నాయి కదా, అవి వీటికి తోబుట్టువులు. సీజర్ క్రీస్తుపూర్వం 46లో రోములో వీనస్ దేవతకు కట్టించిన గుడిలో ఆమె పేరు 'జెనెట్రిక్స్', అంటే తల్లి. మన 'జనయిత్రి'ని పక్కన పెట్టి పలకండి. కాబట్టి రచయిత్రిలో ఉన్న 'త్రి', గ్లాడియాట్రిక్స్‌లో ఉన్న 'ట్రి' ఒకే ఇంటి పిల్లలు. నేను ఈ సంగతి మొదటిసారి తెలుసుకున్న రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

తెలుగులో కట్టాలంటే దేశి ప్రత్యయం 'కత్తె' ఉంది. 'కత్తిసాము' నుంచి 'సాముకత్తె' అనొచ్చు. లేదంటే నాయకురాలు నాగమ్మ దగ్గర నుంచి మనకు బాగా అలవాటైన 'రాలు' తీసుకుని 'యోధురాలు' అనొచ్చు. 'వీరనారి' కూడా ఉంది.

లాటిన్ చదువుకుంటున్న సభ్యురాలు:

మాస్టారూ, వ్యుత్పత్తి అద్భుతంగా చెప్పారు. ఒక్క సంగతి చేరుస్తాను. గ్లాడియాట్రిక్స్ అన్న మాట వ్యాకరణానికి సరిపోయినా, ఆ ఆడవాళ్ళు పోరాడిన రోజుల్లోని రచయితలు దాన్ని వాడలేదు. వాళ్ళు 'స్త్రీలు' అని ఊరుకున్నారు. ఓస్టియా రేవు పట్టణంలో హోస్టిలియానస్ అనే అధికారి శాసనం ఒకటి దొరికింది. స్త్రీలను 'ఇనుముకు ఇచ్చాను', అంటే కత్తియుద్ధానికి దించాను, అని దాని సారం. నగరం పుట్టినప్పటి నుంచి అలా చేసినవారిలో తానే మొదటివాణ్ణని గొప్పగా చెప్పుకున్నాడు. ఆ కాలంలో స్త్రీలింగంలో దొరికే మాట నాకు తెలిసి ఒకటి, రోమన్ రచయిత పెట్రోనియస్ వాడిన 'ఎస్సెడారియా'. రథం మీద నుంచి పోరాడే ఆవిడ అని అర్థం.

'వీరనారి' మాత్రం వద్దండీ. మనకు ఆ మాట వినగానే దేశం కోసమో కోట కోసమో కత్తి పట్టిన మనిషి గుర్తొస్తుంది. వీళ్ళు జనం చూడడానికి పోరాడినవాళ్ళు. గ్లాడియేటర్లలో చాలామంది బానిసలు. మరోవైపు నీరో చక్రవర్తి కాలంలో పెద్దింటి ఆడవాళ్ళు కూడా దిగి పరువు పోగొట్టుకున్నారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. డొమీషియన్ చక్రవర్తి రాత్రిపూట దివిటీల వెలుగులో ఆడవాళ్ళ పోటీలు పెట్టించాడు. క్రీ.శ. 200 ప్రాంతంలో సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి ఆడవాళ్ళ పోటీలను నిషేధించాడు. ఇంత చరిత్రను 'వీరనారి' ఒక్క దెబ్బతో కప్పేస్తుంది.

'కత్తె' మీద కూడా నాకు అభ్యంతరం ఉంది. వగలకత్తె, సొగసుకత్తె, అందకత్తె. ఈ మాటల వాసన సాముకత్తెకూ అంటుతుంది. అక్క పారిపోతున్నది ఆ వాసన నుంచే కదా. చెలికత్తె, పనికత్తె ఉన్నాయని మీరు అంటారు. ఒప్పుకుంటాను, కానీ చెవికి ముందు తగిలేది వగలకత్తే.

వాళ్ళు పోరాడే చోటు అరీనాకు 'గోదా' బాగుంటుంది. అరీనా అంటే లాటిన్‌లో ఇసుక. మన గోదా అంటే కుస్తీకి గుల్ల చేసిన మట్టి. రెండూ కాలి కింది నేలతో పుట్టిన పేర్లే. వాళ్ళు శిక్షణ పొందే 'లూడస్'కు 'గరిడి' సరిపోతుంది. గరిడి గురువును లాటిన్‌లో 'డాక్టర్' అనేవాళ్ళు, నేర్పేవాడు అని. ఆ కార్డు తెలుగులోనే రాయండి, లేకపోతే తాతయ్య మందులిచ్చే మనిషి అనుకుంటారు.

బొమ్మలకు రంగులేసే తమ్ముడు:

అక్కా, మాటల సంగతి పెద్దవాళ్ళు చూసుకుంటారు. బొమ్మల సంగతి నేను చెప్తాను, పదేళ్ళుగా ఇదే పని.

మీకు కావలసిన బొమ్మ ఎలా ఉండాలో రాతి మీద చెక్కి ఉంది. టర్కీలోని బోడ్రుమ్, అంటే పాత హాలికార్నాసస్‌లో దొరికిన పాలరాతి ఫలకం, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా కత్తులు, డాళ్ళతో నిలబడి ఉంటారు. కాళ్ళకు పిక్కల కవచాలు, కత్తి చేతికి పట్టీల తొడుగు, నడుముకు గోచీ. మగ గ్లాడియేటర్ ఏం తొడుక్కుంటాడో అదే. ఛాతీ ఖాళీగా వదిలి చేతులు, కాళ్ళు, తల కాపాడుకోవడం వాళ్ళ పద్ధతి. మీరు తెప్పించిన బొమ్మలో సరిగ్గా తిరగేశారు. కాపాడాల్సినవి వదిలేసి, చూపించాలనుకున్న చోట రేకులు అతికించారు.

కొనేముందు మడమలు చూడండి, గ్లాడియేటర్లు ఎక్కువగా ఉత్త కాళ్ళతో దిగేవాళ్ళు. తర్వాత కాళ్ళ ఎడం చూడండి. బరువు రెండు కాళ్ళ మీదా పడి, డాలు ముందుకు వచ్చి ఉంటే శిల్పి పోరాటం గురించి ఆలోచించాడు. నడుము విరిచి వెనక్కి తిరిగి చూస్తుంటే ఆలోచించలేదు. ముఖం మూసే శిరస్త్రాణం ఉన్నవైతే ఇంకా సులువు, ఆ కొలతలో వెనక జడ ఒక్కటే ఆడ, మగ తేడా చెబుతుంది. ఏదీ నచ్చకపోతే మగ బొమ్మే కొని జడ అతికించండి. ఎం-సీల్ కొంచెం తీసి, సూదికి తడి చేసి, మూడు పాయలు లాగితే చాలు. అదే ఎం-సీల్‌తో పొట్టి అంగీ కూడా వెయ్యొచ్చు. మీ అబ్బాయిని నా దగ్గరకు పంపండి, నేర్పిస్తాను.

తెలుగు మాస్టారు:

నాయనా, 'తిరగేశారు' అన్నావు చూడు, అమ్మ అడిగిన మాట అక్కడే ఉంది. 11వ శతాబ్దంలో కాశ్మీరంలో క్షేమేంద్రుడు దీని మీద, అంటే ఏది ఎక్కడ తగునో చెప్పే ఔచిత్యం మీద, ఒక గ్రంథమే రాశాడు. మెడకు వడ్డాణం, నడుముకు హారం, చేతికి అందె, కాలికి దండకడియం పెట్టుకుంటే ఎవరు నవ్వరు అని అడుగుతాడు. నగల్లో లోపం లేదు, పెట్టిన చోటులో ఉంది. ఔచిత్యం లేకపోతే అలంకారమైనా గుణమైనా 'రుచి' ఇవ్వదంటాడు. ఇంగ్లీషువాళ్ళ టేస్ట్ అక్కడ మన రుచిగా కూర్చుని ఉంది చూశారా. అమ్మా, మీకు కావలసింది 'ఔచిత్యం గల బొమ్మ'. తేలిక మాట కావాలంటే 'తగిన బొమ్మ'. ఎవరికి తగినది? ఆ పోరాడే మనిషికి.

'కత్తె' గురించి ఆ అమ్మాయి చెప్పింది ఒప్పుకుంటున్నాను. వెనక్కి తీసుకుంటున్నాను.

లాటిన్ చదువుకుంటున్న సభ్యురాలు:

థాంక్స్ మాస్టారూ. తమ్ముడు చెప్పిన ఫలకం మీద అక్షరాలు కూడా ఉన్నాయి. భాష గ్రీకు. వాళ్ళ పేర్లు అమెజాన్, అకిలియా. రెండో పేరు గ్రీకు కథల వీరుడు అకిలీస్‌కు స్త్రీలింగం. కథలో అకిలీస్ అమెజాన్‌లనే ఆడ యోధుల రాణిని చంపుతాడు. ఇక్కడ ఎవరూ ఎవరినీ చంపలేదు. పైన 'అపెలుథేసన్' అని ఒకే క్రియ. 'విడుదలయ్యారు' అని. గెలుపోటములు లేకుండా ఇద్దరినీ ప్రాణాలతో పంపేశారని చాలామంది అర్థం చేసుకుంటారు.

ఆ గ్రీకు క్రియలో లింగభేదం లేదు. మన 'విడుదలయ్యారు'లోనూ లేదు. ఏకవచనంలో 'పోరాడాడు' అని మగవాడికి వేరే రూపం ఇచ్చి, 'పోరాడింది' అని ఆవిడను ఆవుతోనూ రాయితోనూ కలిపేసే మన భాష, బహువచనంలో మాత్రం అందరికీ ఒకే పీట వేస్తుంది. అక్కా, కార్డు మీద 'రు' వాడండి. అప్పుడు గ్లాడియాట్రిక్స్‌కు వేరే మాట వెతకాల్సిన పనే ఉండదు. డాక్టరుగారు అంటే ఆడా మగా ఇద్దరూ వచ్చినట్టు, గ్లాడియేటర్ చాలు.

అడిగిన ఆవిడ:

మాస్టారూ, చెల్లీ, తమ్ముడూ, ఎంత మేలు చేశారు! ఎత్తు మడమల బొమ్మను నిన్న రాత్రి అబ్బాయీ నేనూ కూర్చుని బాగుచేశాం. మడమలు కోసేశాం, ఎం-సీల్‌తో పిక్కల కవచాలు, చేతి తొడుగు కట్టాం. రేకులు అరగదీసి అంగీ వేశాం. జడ కొంచెం లావైంది, వాడు అలాగే ఉంచమన్నాడు. ఇంకొకరిని మగ బొమ్మ నుంచి తయారు చేశాం. ఇద్దరికీ కలిపి ఒకే కార్డు:

"అమెజాన్, అకిలియా. గ్లాడియేటర్లు. హాలికార్నాసస్ గోదాలో దిగారు. పోరాడారు. విడుదలయ్యారు."