'యాక్' అనే మాటకి 'ముట్టింది' అందామా?

తిరుపతిలో సాయంత్రం పూట డిప్లొమా పిల్లలకి పైథాన్ చెప్తుంటాను. ఈ వారం ర్యాబిట్‌ఎంక్యూ మొదలుపెట్టాం. ఒక ప్రోగ్రామ్ వేసిన మెసేజ్‌లని వరసలో (క్యూలో) దాచి, ఇంకో ప్రోగ్రామ్‌కి అందించే సాఫ్ట్‌వేర్ అది. 'క్యూ'కి తెలుగు మాట వెతకలేదు. కొండ మీద వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కూర్చున్న పిల్లలకి ఆ మాట విడమర్చి చెప్పాలా? చిక్కంతా 'యాక్' దగ్గర వచ్చింది. అక్నాలెడ్జ్‌మెంట్‌కి పొట్టి పేరు అది, మెసేజ్ తీసుకున్న ప్రోగ్రామ్ క్యూకి తిరిగి చెప్పే మాట.

ప్రోగ్రామ్ చిన్నదే. పైథాన్‌లోంచి ర్యాబిట్‌ఎంక్యూతో మాట్లాడే పికా లైబ్రరీతో దాని 5672 పోర్టుకి కనెక్ట్ అయి, ఒక క్యూ పెట్టి, 10 మెసేజ్‌లు వేశాం. రెండో ప్రోగ్రామ్ వాటిని తీసుకుని ఒక్కోదాని మీద రెండు సెకన్లు పని చేస్తుంది. ఆటో యాక్ ఆన్‌లో ఉంది. మూడోది అవ్వగానే ఒకబ్బాయి కంట్రోల్ సీ కొట్టి ఆపేశాడు. మళ్లీ నడిపితే మిగతా ఏడూ లేవు.

"యాడికి పోయినాయి సార్?"

ఆటో యాక్ ఉంటే, పంపడమే ఆలస్యం, క్యూ వాటిని తీసేస్తుంది. యాక్ అంటే 'అందింది' అని చెప్పడం రా అన్నాను. "ఏడూ అందినాయి కదా సార్, మరి?" అన్నారు. నిజమే. అందాయి, పని మాత్రం జరగలేదు.

అప్పుడు చిత్తూరు బెల్లం మండీలో లెక్కలు రాసిన మా తాత గుర్తొచ్చాడు. చేతిలో డబ్బు పెట్టగానే రైతు ఏమీ అనడు. వేలు తడి చేసుకుని ఒకసారి, మళ్లీ ఇంకోసారి లెక్కపెట్టుకుని, పంచె మడతలో దోపుకున్నాక "ముట్టింది" అంటాడు. ఆ మాట వినపడేదాకా తాత పద్దు పుస్తకం మూసేవాడు కాదు. యాక్‌కి ఇంతకంటే సరైన తెలుగు మాట నాకు తోచలేదు. మీరేమంటారు?

పలమనేరు నుంచి ఒక టీచరమ్మ:
సార్, ముట్టు అంటే తాకడం కూడా. ఆడపిల్లలున్న క్లాసులో ఇంకో అర్థమూ గుర్తొస్తుంది. ఇబ్బంది కాదా?

నా జవాబు:
మేడమ్, మీ మాట కొట్టిపారేయను. కానీ విభక్తి చూడండి. 'దాన్ని ముట్టుకోకు' అంటే తాకడం. 'నాకు ముట్టింది' అంటే చేతికి రావడం. ఆ 'కు' ఉంటే ఇంకో అర్థం రాదు. 'ముట్టజెప్పాను' అని మనం రోజూ అంటూనే ఉన్నాం కదా.

చంద్రగిరి నుంచి ఒకరు:
అన్నా, తీసుకున్నవాడు 'ముట్టింది' అంటాడు, బాగుంది. అది విని క్యూ చేసే పనికి మాటేది? పద్దులో బాకీ తీరినప్పుడు 'చెల్లు' రాస్తారు కదా, అది పెట్టు.

నా జవాబు:
తమ్ముడూ, నాకు తట్టనిది నువ్వు పట్టుకున్నావు. ఈరోజు క్లాసులో రెండు మాటలూ బోర్డు మీద రాశాను. ఆటో యాక్ ఆపేశాం. ఒకమ్మాయి ప్రోగ్రామ్‌లో యాక్ పంపే లైను మరిచిపోయింది. పనులన్నీ అయ్యాయి, కానీ 15672 పోర్టులో తెరిచిన ర్యాబిట్‌ఎంక్యూ మేనేజ్‌మెంట్ పేజీలో 'అన్‌యాక్డ్' (యాక్ రానివి) కింద 10 అలాగే ఉంది. ప్రోగ్రామ్ ఆపగానే ఆ పదీ 'రెడీ' (మళ్లీ పంపడానికి సిద్ధంగా ఉన్నవి) కిందికి వచ్చేశాయి. నేను నోరు తెరిచేలోపే తనే అనేసింది: "ముట్టిందని చెప్పలేదు సార్, అందుకే చెల్లు పడలేదు."