13సీఆర్ఎంఓ44 పైపు బదులు పీ11 వేయొచ్చా?

షట్‌డౌన్_సత్తి:
గురువులకు నమస్కారం. మా ఫ్యాక్టరీ సొంత కరెంటు (క్యాప్టివ్) ప్లాంటులో పాత జర్మన్ బాయిలర్, మెయిన్ స్టీమ్ లైన్లో ఒక ముక్క మార్చాలి. డ్రాయింగులో జర్మన్ స్టాండర్డ్ డిన్ 17175, అందులో క్రోమ్-మాలిబ్డినం ఉక్కు గ్రేడు 13సీఆర్ఎంఓ44, సైజు 219.1 × 16 (బయటి వ్యాసం, మందం, మి.మీ.లో) అని ఉంది. ఆ స్టాండర్డ్ ఎప్పుడో రద్దయిందట. స్టోర్సు గోడకి అంటించిన చార్టులో దాని ఎదురుగా అమెరికన్ గ్రేడు పీ11 అని ఉంది. ఇంకా పదకొండు రోజులే టైముంది. ఆర్డర్ పెట్టెయ్యనా?

పాతగొట్టం:
ముందు ఆ చార్టు చింపెయ్ తమ్ముడూ. డిన్ 17175 స్థానంలో యూరప్ స్టాండర్డ్ ఈఎన్ 10216-2 వచ్చింది, 2002లో. అందులోని 13సీఆర్ఎంఓ4-5 నీ గ్రేడే. పేరు కాస్త మారింది, మెటీరియల్ నంబరు అదే: 1.7335. అమెరికన్ ఆస్టమ్ (ఏఎస్‌టీఎం) స్టాండర్డు ఏ335లోనే కావాలంటే దగ్గరిది పీ12. పీ11లో సిలికాన్ 0.50 నుంచి 1.00 శాతం దాకా ఉంటుంది, నీదాంట్లో 0.35 దాటకూడదు.

వెల్డర్_మావయ్య:
మాకు రెండూ ఒకటే. పీ11, పీ12 రెండూ వెల్డింగు లెక్కలో ఒకే గుంపు, పీ-నంబర్ 4; రెంటికీ బీ2 వెల్డింగ్ రాడ్డే.

పైపుల_షెడ్డు:
సిలికాన్ పట్టుకుని వేలాడతారేంటి సార్? పీ11లో క్రోమ్ 1.00 నుంచి 1.50. ఎక్కువుంటే మంచిదేగా! ఇరవై ఏళ్లుగా ఇస్తున్నా, ఒక్కటీ పగల్లేదు. పీ12 అడగండి, మిల్లు నుంచి రావాలంటారు.

పాతగొట్టం:
నీ పైపు పగల్లేదు, నా ఇంక్రిమెంటు పోయింది. ఒకచోట ఇలాగే ఇండెంటు (కొనుగోలు కాగితం) మీద 'ఈక్వివలెంట్', అంటే సమానమే అని రాసి సంతకం పెట్టా. బాయిలర్ ఇన్‌స్పెక్టరు డ్రాయింగూ ఐబీఆర్ (బాయిలర్ నిబంధనల) ఫారమూ పక్కపక్కన పెట్టి, 'లెక్కలేవి?' అన్నాడు. హైడ్రో (నీటి ప్రెషర్ టెస్టు) ఆగిపోయింది. పైపు అమ్మినాయన ఫోనెత్తలేదు.

కొత్త_క్యూసీ:
లోహంలో ఏముందో చూపే పీఎంఐ గన్ పెట్టి చూస్తే తేలిపోదా?

పాతగొట్టం:
క్రోమ్ 1.05 వచ్చిందనుకో. అది పీ11 అవ్వొచ్చు, పీ12 అవ్వొచ్చు, జర్మన్‌దీ అవ్వొచ్చు. కార్బన్ గన్నుకి కనపడనే కనపడదు.

మందం_మాస్టారు:
మందం ఒక్కరూ అడగరేం? 219.1 అంటే ఎనిమిదంగుళాల ఆస్టమ్ పైపు; షెడ్యూల్ (మందం తరగతి) 100 అయితే 15.09 మి.మీ., 120 అయితే 18.26. 16 లేదు. పైగా మైనస్ టాలరెన్స్ 12.5 శాతం, అంటే అంత తగ్గినా చెల్లుతుంది. స్టీమ్ ఎంత వేడి?

షట్‌డౌన్_సత్తి:
510 డిగ్రీల సెల్సియస్ సార్.

మందం_మాస్టారు:
అయితే ఈల్డ్ (లోహం లొంగే బలం) చూసి లాభం లేదు, అక్కడ క్రీప్ రాజ్యం, అంటే వేడిలో ఒత్తిడికి లోహం మెల్లగా సాగడం. ఆ వేడికి అలవబుల్ స్ట్రెస్ (అనుమతించే ఒత్తిడి) తీసుకుని కనీస మందం మళ్లీ కట్టాలి. 18.26 వేస్తే పాత పైపుతో లోపలి వ్యాసం కలవదు, అంచు లోపల టేపర్ తీయాలి. బరువు పెరుగుతుంది, పైపును వేలాడదీసే హ్యాంగర్లూ చూడాలి.

పైపుల_షెడ్డు:
ఇవన్నీ అయ్యేసరికి సంక్రాంతి వస్తుంది.

పాతగొట్టం:
నీకు సరుకు కదలాలి, అంతేగా?

పైపుల_షెడ్డు:
కదలాలండీ, అప్పు తెచ్చి పెట్టా! పోయినేడు మీరు చెప్పే ఈఎన్ పైపే తెప్పించా. ఆస్టమ్ సర్టిఫికెట్ లేదని తిప్పి పంపారు. చివర్లకి ప్లాస్టిక్ మూతలతో ఇంకా షెడ్డులోనే పడుంది.

షట్‌డౌన్_సత్తి:
అన్నా, ఏ సైజు?

పైపుల_షెడ్డు:
168.3.

షట్‌డౌన్_సత్తి:
ప్చ్. అసలు సంగతి చెప్తా. డిజైన్ వాళ్లకి మూడు మెయిళ్లు పెట్టా, ఉలుకూ పలుకూ లేదు. మా పెద్దాయనేమో 'చార్టులో ఉందిగా, నువ్వే రాసెయ్' అంటున్నారు.

పాతగొట్టం:
ఆ ముక్క మొదట్లోనే చెప్పొద్దూ! రాయకు. ఆయన్నే రాయమను.

పైపుల_షెడ్డు:
ఈ ఒక్కమాటకి నేనూ ఒప్పుకుంటా.

మందం_మాస్టారు:
ప్రెషర్ ఎంతో ఇంకా చెప్పలేదు.