లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ దొరకట్లేదంటోంది, ఏం చేయాలి?

కొత్తకోడర్: ఉబుంటు 22.04 లినక్స్‌లో పాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వేశాను. తెరిస్తే లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.1.1 ఫైల్ లేదంటోంది. ఇంకో యాప్‌ఇమేజ్ (ఇన్‌స్టాల్ చేయకుండా ఒకే ఫైల్‌గా నడిచే ప్రోగ్రామ్) ఉంది, డబుల్ క్లిక్ చేసినా ఉలుకూ పలుకూ లేదు. రెండింటికీ కారణం ఒకటేనా? టెర్మినల్ అంటే నాకు టెన్షన్, కాస్త మెల్లగా చెప్పండి.

టెర్మినల్‌తాత: లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ అనేది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలోది. 22.04లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 వస్తుంది, 1.1 తీసేశారు. ఉన్న ఫైల్‌కి 1.1 పేరుతో సిమ్‌లింక్ (షార్ట్‌కట్ లాంటిది) పెట్టెయ్ తమ్ముడూ, అయిపోతుంది.

సెగ్‌ఫాల్ట్: అయిపోదండీ. చివరి అంకె మారిందంటే ఏబీఐ, అంటే ప్రోగ్రామ్‌కీ లైబ్రరీకీ మధ్య ఉండే ఒప్పందం, మారినట్టు. లోపలి సింబల్స్‌కి (ఫంక్షన్ల పేర్లకి) వెర్షన్ ఉంటుంది. పేరు మార్చినా, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_1_1_0 లేదంటూ, ప్రోగ్రామ్‌కి లైబ్రరీలు కలిపే లోడర్ మళ్లీ ఆపేస్తుంది.

టెర్మినల్‌తాత: నేను చేశాను, పనిచేసింది.

సెగ్‌ఫాల్ట్: ఏ లైబ్రరీకి?

టెర్మినల్‌తాత: రీడ్‌లైన్ 7కి. అయితే ఏంటట?

సెగ్‌ఫాల్ట్: అదీ సంగతి! దానికి కుదిరిందని అన్నిటికీ కుదరాలా?

నీలితెర: విండోస్‌లోనూ ఇదే గోల. వీసీరన్‌టైమ్140.డీఎల్ఎల్ లేదనగానే ఏదో సైట్ నుంచి దింపి సిస్టమ్32లో పడేస్తారు, చూస్తే ఒళ్లు మండుతుంది. మైక్రోసాఫ్ట్ వాళ్లే ఇచ్చే విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్ వేసుకోండి. ప్రోగ్రామ్ 32 బిట్‌ది అయితే ఎక్స్86 రకం, మెషీన్ 64 బిట్ అయినా సరే.

సెగ్‌ఫాల్ట్: విండోస్ గురించి ఎవరడిగారు?

కెర్నల్‌కింగ్: సిస్టమ్ మొత్తం సోర్స్ నుంచి కట్టుకున్నవాణ్ణి, నేను చెబుతా వినండి. టెర్మినల్‌లో ఎల్‌డీడీ కమాండ్ కొడితే, ప్రోగ్రామ్‌కి కావాల్సిన లైబ్రరీల్లో ఏది 'నాట్ ఫౌండ్' అన్నది తెలిసిపోతుంది. ఆ ఫైల్ ఏ ప్యాకేజీలో ఉందో ఆప్ట్-ఫైల్ సెర్చ్ చెబుతుంది. నమ్మకం లేని ప్రోగ్రామ్ మీద మాత్రం ఎల్‌డీడీ వద్దు, అది దాన్ని నడిపించే ప్రమాదం ఉంది. దాన్ని నడపకుండానే చదివే రీడ్ఎల్ఫ్ మైనస్ డీ కమాండ్ వాడాలి. అసలు అడిగేముందు మ్యాన్ పేజీ (కమాండ్ వాడకం చెప్పే పేజీ) చదివే అలవాటు ఎవరికీ లేదు.

పైథాన్‌పాప: టెర్మినల్ అంటే టెన్షన్ అన్న మనిషికి రీడ్ఎల్ఫా? ఇలా మాట్లాడితే ఇంకెవరు అడుగుతారండీ? పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్ ఇన్‌స్టాల్‌లో పైథాన్.హెచ్ లేదన్నప్పుడు నన్నూ ఇలాగే కసిరారు. పైథాన్ ఉండగా లేదంటుందేమిటని జుట్టు పీక్కున్నా. నడపడానికి కావాల్సింది వేరు, కంపైల్ చేయడానికి హెడర్లు (.హెచ్ ఫైళ్లు) వేరు. పైథాన్3-డెవ్ వేయగానే సరిపోయింది. ఫెడోరా లినక్స్‌లో అయితే చివర -డెవెల్.

కెర్నల్‌కింగ్: కసరలేదమ్మా, ఉన్నమాట చెప్పాను.

మౌనపాఠకుడు: యాప్‌ఇమేజ్ సంగతి అందరూ వదిలేశారు. చాలామటుకు అది తెరుచుకోనిది లిబ్‌ఫ్యూజ్2 అనే లైబ్రరీ లేక. ఆ పేరుతోనే వేయండి, 24.04లో అయితే పేరు లిబ్‌ఫ్యూజ్2టీ64. పొరపాటున కూడా ఉత్త 'ఫ్యూజ్' ప్యాకేజీ వేయకండి, 22.04లో అది ఫ్యూజ్3ని తీసేసి డెస్క్‌టాప్‌కే ఎసరు పెడుతుంది.

కొత్తకోడర్: యాప్‌ఇమేజ్ తెరుచుకుంది, థాంక్స్ అండీ! మరి అకౌంటింగ్‌ది?

సెగ్‌ఫాల్ట్: ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1కి ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు 2023 సెప్టెంబర్‌తోనే ఆగిపోయాయి. తయారుచేసినవాళ్లని కొత్త వెర్షన్ అడగండి. ఇవ్వకపోతే 20.04 కంటైనర్‌లో (సిస్టమ్‌కి విడిగా ఉండే పాత ఉబుంటు వాతావరణంలో) నడపండి.

టెర్మినల్‌తాత: ఒక్క సిమ్‌లింక్‌కి భయపడి కంటైనరా!