పన్ను పీకిన రోజే ఇంప్లాంటా, మూడు నెలలు ఆగాలా?

పటమట పిల్లోడు: అమ్మకి పై ముందు పన్ను విరిగింది, పీకేయాలట. సూర్యారావుపేటలో ఒకాయన అదే రోజు ఇంప్లాంట్, అంటే పంటి వేరు బదులు ఎముకలో బిగించే స్క్రూ, వేసేస్తానన్నారు, ఇంకొకాయన మూడు నెలలు ఆగమన్నారు. అమ్మకి షుగరుంది. ఏం చేయమంటారు?

బ్రాడీపేట బాబాయి: ఆలోచించకు, అదే రోజు వేయించు. నేను ఆగి చెడ్డాను. కింది దవడ పన్ను తీయించాక ఎముక కరిగిపోయి, వేలు పెడితే గుంట తగిలేది. బోన్ గ్రాఫ్ట్ అని అక్కడ ఎముక నింపి మళ్ళీ ఆరు నెలలు కూర్చోబెట్టారు. పంటి వేరు ఉన్న చోట స్క్రూ ఉంటే ఎముక అరగదు, అంతే.

లబ్బీపేట అక్క: అదే తప్పండీ. పంటిని అంటిపెట్టుకున్న ఎముక పొరకి రక్తం ఎక్కువగా వేరు చుట్టూ ఉండే నారపోగుల నుంచే అందుతుంది. పన్ను పోతే ఆ పొరా పోతుంది, స్క్రూ ఉన్నా లేకున్నా. ముందు పళ్ళకి పెదవి వైపు ఎముక చాలామందికి ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. నాకు పీకిన రోజే వేశారు. రెండేళ్ళకి చిగురు పైకి జరిగి బూడిద రంగు గీత బయటపడింది. ఫొటోల్లో పెదాలు బిగించే నవ్వుతున్నా.

బ్రాడీపేట బాబాయి: మీ డాక్టరు పనితనంలో లోపం అయ్యుంటుంది. స్క్రూ ఉంటే అరగదు.

లబ్బీపేట అక్క: 2005లోనే అరౌజో, లిండే అనే దంత పరిశోధకులు పన్ను పీకగానే కుక్కల దవడల్లో స్క్రూలు వేసి చూశారు. అరిగింది.

బ్రాడీపేట బాబాయి: కుక్కల సంగతి నాకెందుకమ్మా?

కృష్ణలంక: బ్రిడ్జి పెట్టించెయ్ తమ్ముడూ, పక్క పళ్ళకి తగిలించే కట్టుడు పన్ను, గొడవ వదులుతుంది.

కొత్తపేట కంపౌండరు: షుగరు మూడు నెలల సగటు ఎంతుందో ముందు అది చెప్పండి.

లబ్బీపేట అక్క: పన్ను తీసిన చోట ఏడాదిలో దవడ ఎముక వెడల్పు సగం దాకా తగ్గొచ్చు, అందులో మూడింట రెండొంతులు మొదటి మూడు నెలల్లోనే.

బ్రాడీపేట బాబాయి: చూశారా, మీ నోటితోనే అన్నారు! మరి మూడు నెలలు ఆగమనడం ఏం న్యాయం?

లబ్బీపేట అక్క: ఇంతకీ మీరెన్నాళ్ళు ఆగారు?

బ్రాడీపేట బాబాయి: మూడేళ్ళు. పెద్దదాని ఇంజినీరింగ్ ఫీజులొచ్చి పడ్డాయి. అయితే నీకేంటి?

లబ్బీపేట అక్క: మూడేళ్ళ కథ చెప్పి పిల్లాడిని మూడు నెలలకి భయపెడుతున్నారా!

బ్రాడీపేట బాబాయి: నీకు మాత్రం స్కాన్ తీసి పొర మందం చూశారా?

లబ్బీపేట అక్క: లేదు. ఒక్క చిన్న ఎక్స్‌రే. పది రోజుల్లో పెళ్ళుందని తొందరపెట్టింది నేనే. వద్దనాల్సింది ఆయన.

బ్రాడీపేట బాబాయి: ఆయనెందుకంటాడు? డబ్బు నీది, నోరు నీది.

లబ్బీపేట అక్క: ఎక్స్‌రే చదవడం నాకు రాదు కాబట్టి. వచ్చినాయన చెప్పాలి.

బ్రాడీపేట బాబాయి: మా డాక్టరు నాకు చెప్పాడుగా, మూడు నెలలని. విన్నానా?

పటమట పిల్లోడు: త్రీడీ స్కాన్ మాట అమ్మ చీటీల్లో ఇద్దరూ రాయలేదు. రేపు చీటీలు పట్టుకెళ్ళి అడుగుతా. ఇడ్లీ కూడా తుంచి పక్క పళ్ళతోనే నములుతోంది.