సైకెడెలిక్‌ను ‘మత్తుమందు’ అనొచ్చా?

సైకెడెలిక్‌ను తెలుగులో ఏమనాలని నిన్న ఇక్కడ ఒకరు అడిగారు. చూపునూ ఆలోచననూ కొంతసేపు బాగా మార్చేసే ఒక రకం మందు అది. ‘మత్తుమందు’ ఉందిగా అన్నారు చాలామంది. నాకు మనసొప్పడం లేదు.

కల్లు తాగినా, నల్లమందు మింగినా, ఆపరేషన్‌కు ముందు ఇంజెక్షన్ ఇచ్చినా మనం మత్తనే అంటాం. తెలివి మసకబారడమే ఇప్పుడు దాని అర్థం. సైకెడెలిక్ అన్న మాటను 1956లో హంఫ్రీ ఆస్మండ్ అనే మానసిక వైద్యుడు పుట్టించాడు. గ్రీకులో సైకీ అంటే మనసు, డెలోస్ అంటే తేటగా కనబడేది. మనసును కనబరిచేది అని ఆయన ఉద్దేశం. మసకకు పూర్తిగా ఎదురు.

అయితే మత్తు మొదటినుంచీ ఇంత చిన్న మాటేనా? ప్రహ్లాదుడి నోట పోతన పలికించిన సీసపద్యం చివరి ఎత్తుగీతి చూడండి: ‘చింతనామృత పానవిశేష మత్త చిత్తము’. ఇక్కడ మత్తంటే మసక కాదు, ఒకదానిలో మునిగి మరోవైపు కదలకపోవడం. అదే సీసం మొదటి పాదం ‘మందార మకరంద మాధుర్యమున దేలు మధుపంబు వోవునే మదనములకు’. మదనములంటే ఉమ్మెత్తలు. అమరకోశంలో ఆ మొక్కకు మదన అనీ, ఉన్మత్త అనీ పేర్లున్నాయి. మన ‘ఉమ్మెత్త’ ఆ ఉన్మత్తకు వికృతే. అంటే ఉన్మత్తాన్ని మొదటి పాదంలోనే తోసేసి, గీతిలో మత్తచిత్తాన్ని నిలబెట్టాడు పోతన! చిన్నప్పటినుంచీ నోటికొచ్చిన పద్యం. ఈ చర్చ లేకపోతే ఈ సంగతి నాకు తట్టేదే కాదు.

ఉమ్మెత్త విషం. అందులోని అట్రోపిన్, స్కోపొలమిన్ తలకెక్కితే మనిషి ఎదురుగా లేనివాళ్లతో మాట్లాడతాడు, తర్వాత చాలావరకు గుర్తుండదు, ప్రాణమే పోవచ్చు. దీన్ని భ్రాంతి అనడం న్యాయం. సైకెడెలిక్ తీరు వేరు. కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే సైలోసిబిన్ అలాంటిదే. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం 36 మందికి దాన్ని ఇచ్చి చేసిన పరిశోధన 2006లో అచ్చయింది. వాళ్లలో మూడోవంతు మంది దాకా మధ్యలో తీవ్రంగా భయపడ్డారు. అయినా రెండు నెలల తర్వాత అడిగితే, తమ జీవితంలోని అయిదు అర్థవంతమైన అనుభవాల్లో అదొకటని మూడింట రెండువంతుల మంది చెప్పారు. మత్తులో పడి లేచినవాళ్లు అలా చెప్పరు. అలాగని అది ప్రహ్లాదుడి స్థితి అనను. సైలోసిబిన్ ప్రభావం కొన్ని గంటల్లో దిగిపోతుంది, ఆ చిత్తం దిగదు.

అందుకే భ్రాంతికారకం ఉమ్మెత్తకు, మత్తుమందు నల్లమందుకు ఉంచి, సైకెడెలిక్‌ను సైకెడెలిక్ అనే రాద్దాం. పోతన వాడిన అర్థంలో ‘మత్తు’ వినబడే పలుకుబడి మీ వైపు ఏదైనా మిగిలి ఉంటే చెప్పండి.